హైబ్రిడ్ కారు కొంటున్నారా? ప్లగ్గు సంగతి ముందు తేల్చుకోండి

పెట్రోలు ధర లీటరు నూరు రూపాయలు దాటినప్పటి నుంచి కారు కొనదలచినవారు మైలేజీతో పాటు ‘హైబ్రిడ్ ఉందా?’ అని కూడా అడుగుతున్నారు. అయితే ఈ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు రకాల వాహనాలు విక్రయమవుతున్నాయి. వాటి మధ్య భేదం తెలియక ఇంటికి వెళ్లి ఛార్జింగు సాకెట్టు ఎక్కడున్నదని వెదికేవారూ లేకపోలేదు. మన మార్కెట్‌లో సామాన్యునికి అందుబాటులో ఉన్న హైబ్రిడ్‌లలో దేనికీ సాకెట్టు ఉండదు.

మూడు రకాలు

మొదటిది మైల్డ్ హైబ్రిడ్. ఇందులో చిన్న మోటారు ఇంజినుకు కొద్దిపాటి ఊతం మాత్రమే ఇస్తుంది. మారుతి సుజుకి 2015లో సియాజ్ డీజిల్ కారుతో దీనిని ప్రవేశపెట్టింది. విద్యుత్తుతో మాత్రమే బండి కదలదు.

రెండవది స్ట్రాంగ్ హైబ్రిడ్. 2022లో వచ్చిన హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ, మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ వాహనాల హైబ్రిడ్ రకాలు ఈ కోవకు చెందినవి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది, ఇంజిను కూడా దానిని నింపుతుంది. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లని కంపెనీ ప్రకటించింది. కానీ దాని బ్యాటరీ సామర్థ్యం ఒక యూనిట్ విద్యుత్తు కంటే తక్కువ. అందువల్ల ఏ శక్తికైనా మూలం పెట్రోలే. ఇదే కారులో ‘స్మార్ట్ హైబ్రిడ్’ పేరుతో మైల్డ్ రకం కూడా ఉండడం కొనుగోలుదారును మరింత తికమక పెడుతోంది. బిల్లుపై ఏ రకమో రాయించుకోవడం మంచిది.

మూడవది ప్లగ్‌ఇన్ హైబ్రిడ్. ఇంజిను, పెట్రోలు ట్యాంకు ఉంటూనే పదీ ఇరవై యూనిట్ల బ్యాటరీ కూడా ఉంటుంది. రాత్రి ఇంట్లో ఛార్జింగు పెట్టి, పగలు నలభై నుంచి డెబ్బై కిలోమీటర్ల వరకు పెట్రోలు ముట్టకుండా తిరగవచ్చు. బ్యాటరీ అయిపోతే ఇంజిను అందుకుంటుంది. దూరప్రయాణంలో ఛార్జింగు కేంద్రం కోసం వెదుకులాట ఉండదు.

ఈ తరహా కారును పెద్ద ఎత్తున తయారుచేసి తొలుత విక్రయించినది చైనాకు చెందిన బీవైడీ. 2008 డిసెంబరులో ‘ఎఫ్3డీఎం’ అనే కారును విడుదల చేసింది. 2010 డిసెంబరులో అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చింది. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి వాడకుండా పాతబడిపోతే కారే తనంతట తాను ఇంజినును నడిపి ఖర్చుచేసే ఏర్పాటు అందులో ఉండేది. ఛార్జింగు మానకుండా పెట్టేవారు బంకు ముఖం చూడనవసరం ఎంత తక్కువో దీనిని బట్టి ఊహించవచ్చు. 2019లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది.

ఎవరికి గిట్టుబాటు?

ఉదాహరణకు తెనాలి నుంచి గుంటూరుకు ప్రతిరోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చే వ్యక్తిని తీసుకుందాం. రానుపోను సుమారు యాభై కిలోమీటర్లు. స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 22 కిలోమీటర్లు ఇచ్చినా, లీటరు 110 రూపాయల లెక్కన రోజుకు 250 రూపాయలు అవుతుంది. ప్లగ్‌ఇన్ కారు యూనిట్‌కు ఐదు కిలోమీటర్లు నడిచిందనుకుంటే పది యూనిట్లు చాలు. అయితే నెలకు అదనంగా 250 యూనిట్లు కాలితే ఇంటి బిల్లు పై శ్లాబులోకి పోతుంది. ఈ సంగతిని ప్రకటనలు చెప్పవు. యూనిట్ తొమ్మిది రూపాయలుగా లెక్కించినా రోజు ఖర్చు 90 రూపాయలు. ఏడాదికి మూడు వందల రోజులు తిరిగితే 48 వేల రూపాయలు మిగులుతాయి. వాహనాల ఛార్జింగుకు ప్రత్యేక టారిఫ్‌తో వేరే కనెక్షను తీసుకునే వీలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉంది.

ఈ లెక్కంతా ప్రతి రాత్రీ ప్లగ్గు పెట్టినప్పుడే చెల్లుతుంది. పెట్టకపోతే బరువైన బ్యాటరీని మోసుకు తిరిగే పెట్రోలు కారే అవుతుంది. ఐరోపాలో జరిగినది ఇదే. ప్లగ్‌ఇన్ హైబ్రిడ్‌ల నుంచి రోడ్డుపై వాస్తవంగా వెలువడుతున్న కర్బన ఉద్గారాలు ప్రయోగశాల అంకెలకు సగటున మూడున్నర రెట్లు ఉన్నట్లు 2024 మార్చిలో ఐరోపా కమిషన్ వెల్లడించింది. అనుకున్నంతగా ఛార్జింగు పెట్టకపోవడమే ప్రధాన కారణమని తేల్చింది. సొంత పార్కింగు లేని అపార్టుమెంటువాసులు, రోజూ వంద కిలోమీటర్లు పైబడి తిరిగేవారు ఈ రకం జోలికి పోకుండుటే మేలు.

మన దేశంలో కోట్లలోనే

లెక్క బాగానే ఉన్నా, కొనుగోలుకు వచ్చేసరికి కథ మారుతుంది. భారత్‌లో వోల్వో ఎక్స్‌సీ90 టీ8 ప్లగ్‌ఇన్ 2016లో కోటీ పాతిక లక్షలకు వచ్చింది. 2022 డిసెంబరులో బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్‌ఎం ప్రారంభ ధర రెండు కోట్ల అరవై లక్షలు. లాంబోర్గినీ, ఫెరారీ వంటివి అంతకు పైమాటే. ఏడాదికి యాభై వేలు ఆదా కోరే గృహస్థు కొనదగినది వీటిలో ఒక్కటీ లేదు.

పన్ను కూడా కొంత కారణం. విద్యుత్ కార్లపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. హైబ్రిడ్‌లపై సెస్సుతో కలిపి 43 శాతం దాకా ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన కొత్త రేట్లలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిను ఉన్న హైబ్రిడ్‌లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయింది. సాకెట్టు ఉన్నదా లేదా అనే విచక్షణ ఇందులో లేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మాత్రం 2024 జులైలో స్ట్రాంగ్, ప్లగ్‌ఇన్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషను పన్ను మినహాయించింది. తెలంగాణ 2024 నవంబరులో 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించిన రహదారి పన్ను మినహాయింపు విద్యుత్ వాహనాలను ఉద్దేశించినది. ఆకుపచ్చ నంబరు ప్లేటు సైతం పూర్తి బ్యాటరీ వాహనాలకే.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఎంపిక విస్తృతం. 2024 మోడల్ టొయోటా ప్రియస్ ప్రైమ్‌లో 13.6 యూనిట్ల బ్యాటరీ, 44 మైళ్ల విద్యుత్ ప్రయాణం. అంటే సుమారు 70 కిలోమీటర్లు. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్‌కు 38 మైళ్లు, ఏడుగురు కూర్చోగల క్రైస్లర్ పసిఫికాకు 32 మైళ్లు. కొన్ని మోడళ్లకు 7,500 డాలర్ల వరకు దక్కిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది కనుక ఇప్పుడు పూర్తి ధర చెల్లించవలసిందే. పిల్లలు అక్కడ నడుపుతున్న కారును స్వగ్రామానికి తెప్పించుకోవాలనే తల్లిదండ్రుల ఆశ నెరవేరేది కాదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగు కుడివైపున ఉండాలి, వయసు మూడేళ్లు మించరాదు. అమెరికా కార్లకు స్టీరింగు ఎడమవైపున ఉంటుంది.