లినక్స్ డిస్ట్రోలు: ఏ ఇంటి కంప్యూటర్‌కు ఏది సరిపోతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆ రోజుతో ఆగిపోలేదు గానీ, మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగాయి. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఈ షరతు దాటలేవు. పిల్లల చదువుకైనా, ఆన్‌లైన్ దరఖాస్తులకైనా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే అయితే ముందున్నవి మూడు దారులు: కొత్తది కొనడం, అప్‌డేట్లు లేకుండా ప్రమాదంతో నెట్టుకురావడం, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవడం. మూడో దారి పట్టినవారికి వెంటనే వచ్చే సందేహం, ఏ లినక్స్ అన్నదే.

డిస్ట్రో అంటే ఏమిటి?

లినక్స్ అనేది నిజానికి కెర్నల్ పేరు. ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లతో పని చేయించే లోపలి భాగమే కెర్నల్. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతుండగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని మొదలుపెట్టారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ ప్రోగ్రాములు కెర్నల్‌కు చేర్చి, ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టి ఇచ్చే మూటే డిస్ట్రిబ్యూషన్, అంటే డిస్ట్రో. సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి ఎవరైనా తమ డిస్ట్రో తయారు చేయవచ్చు. అందుకే ఇన్ని పేర్లు కనిపిస్తాయి.

తేడాలు ఎక్కడ ఉంటాయి?

ముఖ్యంగా చూడాల్సినవి నాలుగు. ఒకటి డెస్క్‌టాప్, అంటే తెర మీద కనిపించే రూపం. గ్నోమ్, కేడీఈ, సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటివి. రెండు, ఒక్కో వెర్షన్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయన్నది. మూడు, ప్రోగ్రాములు ఎక్కించే పద్ధతి. డెబియన్ కుటుంబంలో ఏపీటీ, ఫెడోరాలో డీఎన్ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మన్. నాలుగు, పాత మిషన్‌ను ఎంతవరకు మోయగలదన్నది. ఇంట్లో వాడేవారికి మొదటి రెండూ, నాలుగోదీ ముఖ్యం. మూడోది నేర్చుకునేవారికి అవసరం.

ప్రధాన డిస్ట్రోలు

డెబియన్: 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. ఏ కంపెనీ చేతిలోనూ లేదు, వలంటీర్లే నడుపుతారు. కొత్త హంగుల కంటే నిలకడకే ప్రాధాన్యం. దాదాపు రెండేళ్లకోసారి కొత్త స్థిరమైన వెర్షన్ వస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి బాగా పాత మిషన్లకు డెబియన్ 12 ఇంకా పనికొస్తుంది.

ఉబుంటు: డెబియన్ మీద కట్టినదే. మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనోనికల్ కంపెనీ 2004లో విడుదల చేసింది. రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్‌కు ఐదేళ్ల అప్‌డేట్లు ఉంటాయి, 24.04కు 2029 వరకు. గ్నోమ్ డెస్క్‌టాప్ వల్ల విండోస్ అలవాటున్నవారికి మొదట్లో కొత్తగా ఉంటుంది. 4 జీబీ ర్యామ్ కంటే తక్కువైతే ఇబ్బందే. సందేహం వస్తే ఇంటర్నెట్‌లో జవాబులు ఎక్కువగా దొరికేది దీనికే.

లినక్స్ మింట్: ఉబుంటు మీద ఆధారపడి 2006లో మొదలైంది. సినమన్ ఎడిషన్‌లో కింద పట్టీ, ఎడమ మూలన మెనూ ఉంటాయి. విండోస్ 7 వాడిన పెద్దవాళ్లకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 2 జీబీ ర్యామ్ కనీసం ఉండాలని, 4 జీబీ ఉంటే మంచిదని మింట్ చెబుతుంది. ర్యామ్ తక్కువ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోవచ్చు. మింట్ 22కు కూడా 2029 వరకు మద్దతు ఉంది.

లుబుంటు, జుబుంటు: ఉబుంటుకే తేలికైన రూపాలు. పాత ల్యాప్‌టాప్‌లకు నప్పుతాయి. అయితే వీటి ఎల్‌టీఎస్ మద్దతు మూడేళ్లే.

ఫెడోరా: 2003 నుంచి రెడ్ హ్యాట్ అండతో నడుస్తోంది. సుమారు ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి మద్దతు దాదాపు 13 నెలలు. కొన్ని వీడియో కోడెక్‌లు విడిగా ఎక్కించుకోవాలి. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు మంచిది, ఏడాదికోసారి అప్‌గ్రేడ్ చేసే ఓపిక లేని ఇంటికి కాదు.

ఆర్చ్: 2002లో వచ్చింది. వెర్షన్లు ఉండవు, అప్‌డేట్లు నిరంతరం వస్తూనే ఉంటాయి. అన్నీ చేత్తో అమర్చుకోవాలి. నేర్చుకోవడానికి గొప్ప బడి గానీ, ఇంటి మొత్తానికి ఉన్న ఒకే కంప్యూటర్ మీద ప్రయోగం చేయదగింది కాదు.

మన దేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్ డెబియన్ ఆధారంగా, భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఉబుంటు ఆధారిత వెర్షన్ వాడుతున్నారు. తెలుగులో ఈ ఉద్యమాన్ని హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ నడిపిస్తోంది.

సబీలీ నేర్పిన పాఠం

ముస్లిం కుటుంబాల కోసమే ఒకప్పుడు ఉబుంటు ముస్లిం ఎడిషన్ వచ్చింది. తర్వాత దాని పేరు సబీలీగా మారింది. నమాజ్ వేళలు చూపే ప్రోగ్రాము, ఖురాన్ చదువుకునే ప్రోగ్రాము, పిల్లలు చూడకూడని సైట్లను ఆపే ఏర్పాటు అందులో ముందే ఉండేవి. 2011లో వచ్చిన 11.10 తర్వాత అది ఆగిపోయింది. ఎంత నచ్చిన డిస్ట్రో అయినా అప్‌డేట్లు ఆగితే వాడకూడదు. పెద్ద డిస్ట్రో తీసుకుని, కావలసినవి దాని మీద చేర్చుకోవడమే మేలు. ఉదాహరణకు, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌గా క్లౌడ్‌ఫ్లేర్ కుటుంబ ఫిల్టర్ 1.1.1.3 పెడితే అశ్లీల సైట్లు చాలావరకు ఆగుతాయి. ఇది ఏ డిస్ట్రోలోనైనా కుదురుతుంది.

తెలుగు, ఉర్దూ రాయాలంటే

పైన చెప్పిన డిస్ట్రోలన్నీ యూనికోడ్‌తో పనిచేస్తాయి. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి చేర్చుకోవచ్చు. ఉర్దూకు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. ఉర్దూ అక్షరాలు నస్ఖ్ శైలిలో కనిపిస్తే నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా ఎక్కించుకోవాలి. లిబ్రేఆఫీస్‌లో కుడి నుంచి ఎడమకు రాయడం ఇబ్బంది లేకుండా సాగుతుంది.

ఎవరు మారకూడదు?

షాదీ కార్డులు, పోస్టర్లు ఇన్‌పేజ్‌లో చేసే ప్రెస్సులు, దుకాణం లెక్కలు ట్యాలీలో రాసేవారు, ఫొటోషాప్ మీద బతికే స్టూడియోలు తొందరపడకూడదు. ఇవి లినక్స్ కోసం చేసిన ప్రోగ్రాములు కావు. కెమెరా నిఘాతో ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ కూడా కొన్నిసార్లు విండోస్‌నే అడుగుతుంది. పరీక్ష దగ్గర పడ్డాక కాదు, ముందే కనుక్కోవాలి. బ్రౌజర్‌లో చేసే పనులు, అంటే దరఖాస్తులు, యూట్యూబ్ పాఠాలు, మెయిల్, వాట్సాప్ వెబ్ మాత్రం ఏ తేడా లేకుండా నడుస్తాయి.

వేసే ముందు

మొదట ఫొటోలు, సర్టిఫికెట్లు, పత్రాలన్నీ మరో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఇన్‌స్టాల్ సమయంలో తప్పు ఆప్షన్ నొక్కితే డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. విండోస్‌ను పక్కనే ఉంచుకోవాలనుకుంటే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. డిస్ట్రోను దాని అధికారిక సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ ఆన్ చేస్తే, ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడొచ్చు. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ నాలుగూ పనిచేస్తే ముందుకెళ్లాలి, లేకపోతే మరో డిస్ట్రో చూడాలి.

క్లుప్తంగా: విండోస్ నుంచి వచ్చే ఇంటికి మింట్, ర్యామ్ తక్కువైతే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా లుబుంటు, ఏళ్ల తరబడి కదపకుండా వాడాలంటే డెబియన్, చదువుకునే కుర్రాళ్లకు ఉబుంటు లేదా ఫెడోరా. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఏ డిస్ట్రో అయినా వేగం పుంజుకుంటుంది.