బఫెలో నదికి కాపుదల

నదికి రెండు విధాల ఆపద రావచ్చును. ఆనకట్ట కట్టి దాని గమనాన్ని ఆపడం ఒకటి. దాని నీటిని మలినం చేయడం మరొకటి. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండవది చాలాకాలం కనిపించదు. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ప్రవహించే బఫెలో నదికి ఏబది ఏండ్ల వ్యవధిలో ఈ రెండు ఆపదలూ వచ్చినవి. రెండుసార్లూ దాని పక్షాన ముందుగా నిలిచినవారు సామాన్య పౌరులే.

ఓజార్క్ కొండలలో పుట్టిన ఈ నది సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి వైట్ నదిలో కలుస్తుంది. దీనిపై ఆనకట్టలు కట్టాలని సైనిక ఇంజనీర్ల శాఖ తలపెట్టినది. దానిని ఎదిరించడానికి నీల్ కాంప్టన్ అనే వైద్యుడు మరికొందరితో కలసి 1962లో ఓజార్క్ సొసైటీని స్థాపించినాడు. ఆ ఏడే సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఈ నదిలో పడవ ప్రయాణం చేయడంతో దేశమంతటి దృష్టి అటు మళ్ళినది. 1965లో రాష్ట్ర గవర్నరు ఫాబస్ సైతం ఆనకట్టలు వద్దన్నాడు. చివరకు 1972 మార్చి 1న బఫెలో ఆ దేశపు మొట్టమొదటి 'జాతీయ నది' అయినది.

ఈ విజయానికి మూల్యం లేకపోలేదు. జాతీయ నది కోసం ప్రభుత్వం భూములు తీసుకొన్నప్పుడు తరతరాలుగా ఆ లోయలో వ్యవసాయం చేసిన కుటుంబాలు కొన్ని తమ పొలాలను వదలుకోవలసి వచ్చినది. ఆ బాధ వారి మనస్సులలో మిగిలినది. తరువాతి కథకు ఇది అవసరం.

ప్రభుత్వపు రక్షణ నదికి, దాని గట్లకు మాత్రమే పరిమితమైనది. నదిలోకి నీరు తెచ్చే వాగులు, వాటి చుట్టుపట్ల నేలలు, అనగా పరీవాహక ప్రాంతంలో అధిక భాగం ఆ హద్దుల వెలుపలనే ఉండిపోయినది. అటువంటి వాగులలో బిగ్ క్రీక్ ఒకటి. దాని ఒడ్డున, మౌంట్ జూడియా గ్రామ సమీపంలో, సి అండ్ హెచ్ అనే పందుల ఫారానికి 2012లో రాష్ట్ర ప్రభుత్వం పర్మిట్ ఇచ్చినది. 2,500 తల్లి పందులు, 4,000 పిల్లలు, మొత్తం 6,500. వీటన్నిటిని కొట్టాలలోనే ఉంచి పెంచేవారు. వాటి మలమూత్రాలను రెండు పెద్ద గుంటలలో నిలువచేసి, చుట్టుపట్ల పొలాలపై చల్లేవారు.

ఈ సంగతి నదిని కాపాడే జాతీయ ఉద్యానవనాల శాఖకే సకాలంలో తెలియలేదు. ఊరివారికీ తెలియలేదు. ప్రకటన ఒకటి వెలువడినది. కాని అది చేరవలసిన వారికి చేరలేదు. తెలిసిన తరువాత 2013లో కొందరు పౌరులు బఫెలో నదీ పరీవాహక సంఘంగా ఏర్పడినారు.

వారి వాదానికి ఆధారం ఆ నేల స్వభావం. బొర్రా గుహలను గాని బెలూం గుహలను గాని చూచినవారికి సున్నపురాతిని నీరు ఎట్లా తొలుస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. బఫెలో లోయలోని నేల అటువంటిదే. పైన పడిన నీరు పగుళ్ళగుండా దిగి, మనకు కానరాని దారులలో పోయి, ఎక్కడో ఊటగా పైకి వస్తుంది. ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో పనిచేసి విరమించిన భూగర్భ శాస్త్రవేత్త జాన్ వాన్ బ్రహానా, స్వచ్ఛంద సేవకుల సాయంతో, ఫారం దగ్గరి బావులలో హాని లేని రంగులు కలిపి పరీక్షించినాడు. ఆ రంగు మైళ్ళ దూరంలోని ఊటలలోను, బఫెలో నదిలోను కనిపించినది.

మరొకవైపు న్యాయస్థానంలో వ్యాజ్యం నడచినది. ఫారం అప్పుకు హామీ ఇచ్చిన కేంద్ర శాఖలు ముందుగా పరిసరాలపై దాని ప్రభావాన్ని పరిశీలించవలసి ఉన్నది. అట్లా తయారైన పత్రంలో బఫెలో నది ప్రస్తావన లేదు. బిగ్ క్రీక్ లేదు. సమీపంలోని పాఠశాల కూడా లేదు. ఆ పరిశీలన లోపభూయిష్టమని 2014 డిసెంబరులో కేంద్ర న్యాయమూర్తి తీర్పు చెప్పినాడు. మరుసటి ఏడు ఆ పరీవాహక ప్రాంతంలో కొత్తగా పెద్ద పందుల ఫారాలు రాకుండ తాత్కాలిక నిషేధం వచ్చినది.

ఫారం యజమానుల మాట కూడ వినవలసినదే. వారు ఆ లోయవారే. చట్టం అడిగిన పర్మిట్ తీసుకొనే పని మొదలుపెట్టినారు. తమవలన నదికి హాని జరగలేదని చివరివరకు వాదించినారు. రైతు సంఘాలు వారిని బలపరచినవి. ఒకప్పుడు నది పేరిట పొలాలు పోగొట్టుకొన్న ప్రాంతంలో, మళ్ళీ నది పేరిట రైతును కదలమంటే వినేవారికి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చును.

2018లో రాష్ట్ర శాఖ కొత్త పర్మిట్‌ను నిరాకరించినది. ఆ నేల భూగర్భ పరిస్థితి తగినంతగా పరిశీలింపబడలేదన్నది ముఖ్య కారణాలలో ఒకటి. వివాదం మరికొంతకాలం సాగి, 2019 జూన్‌లో పరిష్కారానికి వచ్చినది. గవర్నరు హచిన్సన్ ప్రకటించిన ఒప్పందం ప్రకారం యజమానులకు 62 లక్షల డాలర్లు చెల్లించి ఫారాన్ని మూసివేసినారు.

ఈ కథలో గెలుపు ఓటములకంటె గమనింపవలసినది ఒకటి ఉన్నది. ప్రభుత్వం తానే అనుమతించినదానిని తానే సొమ్మిచ్చి తొలగించవలసి వచ్చినది. ఏడేండ్ల కలహం, ఇరుగుపొరుగుల మధ్య వైరం, ఇంత ధనవ్యయం దేనివలన? 2012లో ఆ ప్రకటన ఊరివారికి చేరి ఉంటే, నేల లోపలి దారులను ఆనాడే పరీక్షించి ఉంటే, ఇందులో చాలభాగం తప్పి ఉండేది. ఆ పరీక్ష పౌరుల పూనికతో ఆలస్యంగా జరిగినది. నదికి కాపుదల దాని గట్టున మొదలు కాదు. ఎక్కడో ఎగువ వాగు ఒడ్డున ఏమి రాబోతున్నదో అక్కడివారికి ముందుగా తెలియడంతో మొదలవుతుంది.