కాకినాడ ప్రయోగం: ఆకాంక్షకు శిక్షణ ఇవ్వవచ్చునా?

1969లో న్యూయార్కు నుండి వెలువడిన 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' అనే గ్రంథానికి ప్రధాన రంగస్థలం కాకినాడ. రచయితలు డేవిడ్ మెక్లెలండ్, డేవిడ్ వింటర్ అనే అమెరికన్ మనోవిజ్ఞానులు. పేదరికమనే సామాజిక సమస్యకు మనస్తత్వశాస్త్రంలో మందు వెతికిన తొలి ప్రయత్నాలలో ఇదొకటి. 'కాకినాడ ప్రయోగం' పేరు భారతీయ మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలలో నేటికీ కనిపిస్తుంది. దాని వెనుకనున్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు.

ఆ ప్రశ్నకు మూలం మాక్స్ వేబర్‌లో ఉంది. ప్రొటెస్టెంట్ మతనీతికీ పెట్టుబడిదారీ వ్యవస్థ పెరుగుదలకూ వేబర్ చూపిన సంబంధాన్ని మెక్లెలండ్ మనోవిజ్ఞాన పరిభాషలోకి తెచ్చారు. 1961లో వచ్చిన 'ది అచీవింగ్ సొసైటీ'లో ఆయన వివిధ దేశాల పిల్లల వాచకాలలోని కథలను పరిశీలించి, వాటిలో సాధనా ప్రేరణ ఎంత ఉన్నదో లెక్కగట్టారు. ఆ ప్రేరణ అధికంగా ఉన్న సమాజాలే ఆర్థికంగా ముందుకు సాగుతాయని ఆయన వాదం. అయితే అది బాల్యంలో తల్లి ఒడిలో కుదురుకునేదే అయితే, వెనుకబడిన దేశాలు మరో తరం వరకు వేచి ఉండవలసిందేనా? పెద్దవారికి దానిని నేర్పలేమా?

దీనిని పరీక్షించడానికి 1964లో కాకినాడను ఎన్నుకున్నారు. గోదావరి డెల్టా ధాన్యంతో, ఓడరేవుతో, లక్ష దాటిన జనాభాతో అది స్థిరపడిన వర్తక పట్టణం. అక్కడి వ్యాపారులు 52 మంది విడతలవారీగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు వచ్చి, సుమారు పది రోజులు గడిపారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని వేలూరు నుండి కూడా కొందరు వచ్చారు. పోలికకు రాజమండ్రిని తీసుకున్నారు.

అక్కడ పద్దులు రాయడమో, రుణం పొందడమో ప్రధాన పాఠం కాదు. బొమ్మలు చూపి కథలు అల్లించారు. ఆ కథలలో తమ ఆశలూ భయాలూ ఎలా పలికాయో వారిచేతనే విశ్లేషింపజేశారు. మేకుకు రింగులు విసిరే ఆట ఆడించారు. ఎంత దూరం నుండి విసరాలో ఆటగాడి ఇష్టమే. మరీ దగ్గర నిలిచినవాడికి గెలుపులో రుచి లేదు. మరీ దూరం పోయినవాడు అదృష్టాన్ని నమ్ముకున్నవాడు. తన శక్తిని అంచనా వేసుకుని నడిమి దూరాన నిలిచేవాడే ఉద్యమశీలి. చివరికి ప్రతి ఒక్కరూ తమ వ్యాపారానికొక లక్ష్యాన్ని నిర్ణయించుకున్నారు.

దరిమిలా రెండేళ్ల ఫలితాలను పరిశీలించారు. శిక్షణ పొందినవారిలో ఉద్యమశీలత గట్టిగా కనబరిచినవారు 18 శాతం నుండి 51 శాతానికి పెరిగారు. శిక్షణ లేనివారిలో అది 22 నుండి 25కు మాత్రమే చేరింది.

అంకెలకన్న విలువైనవి మరి రెండు పరిశీలనలు. మొదటిది: కులాచారాలూ సంప్రదాయ విశ్వాసాలూ ఈ మార్పుకు అడ్డు రాలేదు. హిందువుల కర్మవాదమే వారి వెనుకబాటుకు కారణమని తీర్పు చెప్పేవారికి కాకినాడ వర్తకులు ఆచరణలోనే జవాబిచ్చారు. రెండవది: సంస్థలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే మార్పు స్ఫుటంగా కనిపించింది. తండ్రి మాటకో, యజమాని మాటకో లోబడి పనిచేసేవాడికి రగిలిన ఆకాంక్ష వెంటనే అక్కరకు రాదు.

ఈ రెండవ విషయమే గ్రంథానికి గుండెకాయ. రచయితల సిద్ధాంతానికి హద్దు గీసేదీ అదే. మనసు మారినా మెదలడానికి చోటు కావాలి. షాపు యజమానికి ఉన్న ఆ చోటు డెల్టా కౌలుదారుకు, వ్యవసాయ కూలీకి లేదు. వారి పేదరికాన్ని ప్రేరణలోపంగా చూడటం రోగలక్షణాన్నే రోగమని భ్రమపడటం వంటిది. ప్రయోగ పద్ధతిపైనా సందేహానికి తావుంది: ఇరుగుపొరుగువైనా రెండు పట్టణాలు సమానం కావు.

అయినా ఆ ఆలోచన అంతరించలేదు. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన టోగో దేశపు అధ్యయనంలో 1,500 చిన్న వ్యాపారాలను యాదృచ్ఛికంగా విభజించి పరీక్షించారు. సొంత చొరవను పెంచే మనోవైజ్ఞానిక శిక్షణ పొందినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు వ్యాపార శిక్షణ చెప్పుకోదగిన ఫలితమివ్వలేదు. అక్కడా శిక్షణ పొందినవారు అప్పటికే సొంత వ్యాపారం ఉన్నవారే. కాకినాడ చెప్పిన రెండవ పాఠం ఇంకా పరీక్షకు నిలిచే ఉంది.