మొగుల్ల వంతులు: విమాన కంపెనీలకు జాగ ఎట్ల పంచాలె?

లాల్‌గడి మలక్‌పేట్‌ల నిలవడి చూస్తే మొగులంత ఖాళీగనే కొడ్తది. కానీ దగ్గర్లనే హకీంపేట్, ఆ దిక్కు దుండిగల్. రెండు తావులల్ల ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ నడుస్తది. ప్యాసింజర్ విమానాలు ఆ జాగలకెళ్లి ఇష్టమొచ్చినట్టు పోరాదు. దేశం మొత్తంల గూడ విమానాలకు సులువుగ దొరికేది 60 శాతం ఆకాశమే అని 2020 మేల ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిన్రు.

ఉన్న జాగకు పోటీ పడేటోళ్లు మస్తుమంది. గంటకు 30 విమానాలు దిగే ఎయిర్‌పోర్టు ఉందనుకోర్రి. గట్టి వాన కొట్టి 20కి తగ్గింది. పది ఆగాలె. ఎవరియి? ప్రతి కంపెనీ నాదే ముందు అంటది. అందరు ఒక్కసారే వస్తే పైన చక్కర్లు కొట్టుకుంట ఇంధనం కాల్చుడే. ఆ పైసలు ఆఖరికి టికెట్ మీదనే పడ్తయ్. గల్ఫ్‌కు పోయే మన పోరగాళ్లు గూడ కట్టాల్సిందే.

గందుకే చెరువు కింద నీరటి లెక్క వంతులు పంచేటోళ్లు ఉండాలె. ఆగే విమానాన్ని ఎగరకముందే నేల మీద ఆపుతరు. అయితే వంతు ఏ లెక్కన ఇయ్యాలె అన్నదే అసలు ముచ్చట.

అమెరికాల ఒకప్పుడు తిరకాసు ఉండె. ఫ్లైట్ రద్దయిందని కంపెనీ నిజం చెప్తే దాని వంతు చెయ్యి జారేది. అందుకే చెప్పకపోయేటోళ్లు. ఆ వంతు ఎవ్వరికీ అక్కరకు రాకుండ పోయేది. 1998ల కొత్త పద్ధతి మొదలువెట్టిన్రు. మొదటి షెడ్యూల్ ప్రకారమే వంతు. ఫ్లైట్ రద్దయినా వంతు ఆ కంపెనీదే, అందుల తన ఇంకో ఫ్లైట్ పెట్టుకోవచ్చు. వాడలేకపోతే వేరే కంపెనీని ముందుకు జరిపి, బదులుగ దీనికి పనికొచ్చే వెనుక వంతు ఇస్తరు. నిజం చెప్తే నష్టం లేదు. గది లెక్కల గొప్పతనం.

కానీ షెడ్యూల్‌ల ఎక్కువ జాగ ఉన్నోళ్లకే ఎక్కువ వంతు దొరుకుతది. రద్దీ ఎయిర్‌పోర్టులల్ల పోయిన సీజన్‌ల 80 శాతం వాడిన స్లాట్ మళ్ల వాళ్లకే అన్నది ప్రపంచమంత నడిచే రూలు. పాతోళ్లు గట్టిపడ్తరు, కొత్తోళ్లు గేటు బయటనే. పోటీ లేకపోతే టికెట్ రేటు దిగదు. ఆకాశం ఏ కంపెనీ జాగీరు కాదు. వంతుల లెక్క జనానికి కనవడేటట్టు ఉండాలె, కొత్తోళ్లకు కొంత జాగ ఇడువాలె.

ఇంకో మాట. మ్యాథ్స్, ఫిజిక్స్‌తోని బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చేసినోళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెట్టే కంట్రోలర్ పరీక్ష రాయొచ్చు. మొగుల్ల నీరటి కొలువు మన ఊరి పిల్లలకు గూడ అందేదే.