చీర నుంచి బొంత దాకా: ప్రదర్శనశాలకు చేరని వస్త్రచరిత్ర

వస్త్రచరిత్ర రచనకు ప్రదర్శనశాలలు ముఖ్యమైన ఆధారాలు. అయితే ఏ వస్త్రం అక్కడికి చేరింది, ఏది చేరలేదు అన్న ప్రశ్న ఆ చరిత్ర స్వరూపాన్నే నిర్ణయిస్తుంది. బొంత ఇందుకు తగిన ఉదాహరణ.

తెలుగు తీరపు అద్దకం గుడ్డలు నేటికీ నిలిచి ఉండడానికి ఒక ప్రధాన కారణం ఎగుమతి. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. చిరివేరు ఎరుపుతో, ఉతికినా వెలవని రంగులతో తయారైన పలంగ్‌పోష్‌లు, అంటే మంచపు దుప్పట్లు, ఐరోపా ఇళ్లకు చేరాయి. స్థానిక నేతగాండ్ర ఒత్తిడితో ఫ్రాన్సు 1686లో అద్దకం గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండులో 1701 నుంచి దిగుమతులపై ఆంక్షలు అమలయ్యాయి. 1721 నాటి చట్టం వాడకాన్ని కూడా అడ్డుకొంది. ఆ నిషేధం 1774 దాకా సాగింది. అంత విలువైన గుడ్డ కాబట్టి చిన్న ముక్కను కూడా పారవేయక అక్కడి స్త్రీలు అతుకుల దుప్పట్లలో కుట్టుకున్నారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2010లో 1700 నుంచి నాటి వరకు గల బ్రిటిష్ బొంతలకు ప్రత్యేక ప్రదర్శననే ఏర్పాటు చేసింది.

తెలుగునాట బొంత కథ వేరు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, దూరపు కుట్టు వేసి బొంతను తయారుచేస్తారు. అది చిరిగితే పైన మరొక చీర పొర చేరుతుంది; పూర్తిగా నలిగితే మసిగుడ్డ అవుతుంది. చివరి పోగు దాకా వాడుకోవడమే దాని ధర్మం. కనుక అది భద్రపరచదగిన వస్తువుగా మిగలలేదు. దాని జాడ భాషలోనే వెతకాలి. సంస్కృత ‘కంథ’ మన సాహిత్యంలో విరాగి ధరించే అతుకుల వస్త్రంగా కనిపిస్తుంది. ‘బొంత’ ఇంటి పడకకు చెందిన మాట. ఒకే వస్తువు ఒకచోట వైరాగ్యానికి, మరొకచోట సంసారానికి గుర్తయింది.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న బల్కంపేటలో ఆషాఢమాసపు తొలి మంగళవారం ఎల్లమ్మ కల్యాణం జరుగుతుంది. నేలమట్టానికి దిగువన వెలసిన అమ్మవారికి భక్తురాండ్రు చీరలు సమర్పిస్తారు. అమ్మవారికి కొత్త చీర, పసిబిడ్డకు పాత చీరల బొంత: రెండూ ఒకే సంస్కృతిలోని ఆదరాన్ని చాటుతాయి. మొదటిది ఉత్సవ వర్ణనల్లో నమోదవుతుంది, రెండవది కాదు.

మూసీ దక్షిణ తీరాన 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియం వంటి సంస్థలు ప్రధానంగా ప్రభువుల సేకరణల నుంచి రూపొందాయి. అందువల్ల వాటి ఆధారంగా రాసే వస్త్రచరిత్ర సహజంగానే కొనగలిగినవారి చరిత్ర అవుతుంది. కుట్టినవారి చరిత్ర కావాలంటే బొంతను మాత్రమే సేకరిస్తే చాలదు. అందులోని ప్రతి పొర ఎవరి చీరో, ఏ సందర్భంలో కొన్నదో, ఎవరి కోసం కుట్టారో ఆ ఇంటి స్త్రీలను అడిగి వారి మాటల్లోనే నమోదు చేయాలి. ఆ జ్ఞాపకం తెలిసినవారు ఉండగానే ఈ పని జరగాలి. తరువాత మిగిలేది పేరులేని పాతగుడ్డ మాత్రమే.