దొడ్డిదారి తాళంచెవి

(2024 జులై 19న ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలితెరలై నిలిచిపోయిన ఘటనకు పునఃకల్పన ఇది. సమయాలు, అంకెలు, సాంకేతిక వివరాలు యథార్థం. ఫోనులో మాట్లాడుకునే ఇద్దరు మాత్రం ఆ మూడు రోజులూ నలిగిన ఎందరికో ప్రతిరూపాలు.)

ఆషాఢ శుక్రవారం. పొద్దున్న పది కావస్తోంది. సికింద్రాబాద్‌లో ఒక చిన్న బ్రాంచి ఆఫీసు. కౌంటర్ దగ్గరి మేడమ్ ఛాయ్ గ్లాసు పక్కన పెట్టి కీబోర్డు మీద చెయ్యి వేసేలోపే తెర నీలమైపోయింది. మూతి ముడుచుకున్న బొమ్మ ఒకటి, కింద నాలుగు ఇంగ్లీషు ముక్కలు. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. కంపెనీ గుర్తు వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి. మళ్లీ నీలం.

హైటెక్ సిటీలో సపోర్టు డెస్కు ఫోను మోగింది.

"బాబూ, గిదేందో నీలం రంగొస్తున్నది. నేనైతే ఏం ముట్టలే."

"మీ తప్పేం లేదు మేడమ్. ఒక్క కంప్యూటరేనా?"

"నాలుగిటికి నాలుగు గట్లనే ఉన్నయ్."

కుర్రాడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఒకటి మొరాయిస్తే హార్డ్ డిస్క్ పోయిందనుకోవచ్చు. నాలుగు డిస్కులు ఒకే ఛాయ్ టైములో పోవు. పక్క డెస్కుల్లోనూ ఫోన్లు మోగుతున్నాయి.

"ఆన్ చేయగానే కంపెనీ గుర్తు కనిపిస్తోందా మేడమ్?"

"కనిపిస్తున్నది. ఆ తర్వాతనే పోతున్నది."

ఆ ఒక్క జవాబులో సగం వైద్యం ఉంది. స్విచ్ వేసినా చీకటే అయితే రోగం కరెంటులోనో, మెమరీలోనో, మదర్‌బోర్డులోనో ఉన్నట్టు. అప్పుడు ఏ డిస్కు పెట్టినా దండగే. విండోస్ పూర్తిగా లేచి ఏదో ఒక ప్రోగ్రామ్ తన్నేస్తే లోపలి నుంచే బాగుచేసుకోవచ్చు. గుర్తు కనిపించి విండోస్ లేవకపోతే మాత్రం చాలాసార్లు యంత్రం ఒళ్లు బాగానే ఉంటుంది, లేవడానికి ఆనుకునే మెట్టు విరిగి ఉంటుంది. బయటి డిస్కుతో పని పడేది ఇక్కడే.

ఆ రోజు విరిగిన మెట్టు పేరు ఫాల్కన్. అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తయారుచేసిన భద్రతా సాఫ్ట్‌వేర్ అది. దొంగ కంటే ముందే కాపలా నిలబడాలని, విండోస్ కళ్లు తెరుస్తుండగానే దాని గుండెకాయలాంటి కెర్నల్‌లోకి చేరుతుంది. మన టైము ప్రకారం ఉదయం 9:39కి సంస్థ ఒక చిన్న ఫైలును ప్రపంచమంతా పంపింది. దాని నంబరు 291. 21 అంశాలు చూడమని ఆ ఫైలు అడిగింది, సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నవి 20. లేని 21వ దాని కోసం మెమరీలో హద్దు దాటి చెయ్యి పెట్టింది. కెర్నల్‌లో అలాంటి తప్పు జరిగితే విండోస్ ఇంకేమీ ఆలోచించదు, ఆగిపోతుంది. కాపలావాడే గుమ్మానికి అడ్డంగా పడిపోయాడు.

తప్పు తెలుసుకుని 10:57కి సంస్థ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. 78 నిమిషాలు. అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ తర్వాత లెక్క చెప్పింది. ప్రపంచంలోని మొత్తం విండోస్ కంప్యూటర్లలో అది ఒక్క శాతం కూడా కాదు. కానీ ఆ యంత్రాలున్నవి విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో. శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో సాయంత్రానికల్లా దేశమంతా తిరిగింది.

"మందు వచ్చేసింది మేడమ్," అన్నాడు కుర్రాడు పదకొండున్నరకు.

"మరి ఇంకా నీలమే ఉన్నదేంది?"

అదే చిక్కు. మందు ఇంటర్నెట్‌లో ఉంది. అందుకోవాలంటే కంప్యూటర్ లేవాలి. లేవాలంటే మందు పడాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టు. పడిపోయేలోపు కొత్త ఫైలు దిగుతుందేమోనని పదే పదే రీస్టార్ట్ చేసినవాళ్లున్నారు. తన క్లౌడ్‌లోని కొన్ని యంత్రాలకు 15 సార్ల దాకా అవసరపడవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది.

మేడమ్ అన్ని సార్లు చేయలేదు. వరుసగా కొన్నిసార్లు పడిపోయాక విండోస్ తనే రికవరీ పేజీ చూపించింది. కుర్రాడు ఫోనులో ఒక్కో మెట్టూ దింపాడు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కాలి. అది సేఫ్ మోడ్. అవసరమైన నలుగురిని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వని మోడ్. ఫాల్కన్ కూడా బయటే ఆగింది. 291 ఫైలు వెతికి చెరిపేశారు. రీస్టార్ట్. నీలం రాలేదు.

"అచ్చింది బాబూ!"

రెండోదీ అలాగే లేచింది. మూడోది మెలిక పెట్టింది. బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కు, 48 అంకెల కీ అడిగింది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. అది హెడ్డాఫీసు సర్వర్‌లో భద్రంగా ఉంది. ఆ సర్వర్ తెర కూడా నీలంగానే ఉంది. సాయంత్రం ఏడింటికి అది కోలుకున్నాక కుర్రాడు అంకెలు చదువుతుంటే మేడమ్ ఒక్కొక్కటే కొట్టారు. ఐదో గుంపులో తప్పు పడింది. ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడాలి. తప్పు పట్టుకోవడానికే పెట్టిన కిటుకు అది. సరిచేసి కొట్టాక తాళం వీడింది.

నాలుగోది పాత యంత్రం. రికవరీ పేజీ రానే లేదు. ఫోనుతో అయ్యే పని కాదు.

ఆ వారాంతంలోనే మైక్రోసాఫ్ట్ ఒక పరికరాన్ని విడుదల చేసింది. పెన్‌డ్రైవ్‌లో ఒక బుల్లి విండోస్‌ను, ఆ ఫైలును చెరిపే ఆదేశాలను కలిపి పెట్టే పరికరం. ఆదివారం ఉదయం కుర్రాడు అలా తయారుచేసిన పెన్‌డ్రైవ్‌ను జేబులో వేసుకుని సికింద్రాబాద్‌లో దిగాడు. ఆ రోజు లష్కర్ బోనాలు. డప్పుల మధ్య, వేపకొమ్మల మధ్య, ఉజ్జయినీ మహంకాళి గుడికి వెళ్లే జనాన్ని తోసుకుంటూ ఆఫీసు చేరేసరికి చెమటతో తడిసిపోయాడు. బోనం సమర్పించి, నుదుట పసుపు ఆరకుండానే వచ్చి మేడమ్ షట్టరు ఎత్తారు.

పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూనే ఎఫ్12 కొట్టాడు. కొన్ని కంపెనీలకు అది ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్. ఎక్కడి నుంచి లేవమంటావని యంత్రం అడిగింది. హార్డ్ డిస్క్ వద్దు, పెన్‌డ్రైవ్ అన్నాడు.

నిజానికి ఇది కొత్త విద్య కాదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి హార్డ్ డిస్క్ లేదు. ఫ్లాపీ నుంచి లేచేది. హార్డ్ డిస్కులు వచ్చాక ఫ్లాపీ వైద్యుడి సంచిలోకి చేరింది. 1995లో సీడీ నుంచి లేపే ప్రమాణం వచ్చింది. కాలిఫోర్నియాలో దాని రూపకర్తలు భోంచేసిన హోటల్ పేరు మీద దానికి ఎల్ టొరీటో అని పేరు. ఇప్పుడు ఆ పని పెన్‌డ్రైవ్‌ది. రోజూ తిరిగే సింహద్వారం మూసుకుపోయినప్పుడు వాడే దొడ్డిదారి.

తెర మీద నల్లని కిటికీ తెరుచుకుంది. పెన్‌డ్రైవ్‌లోని విండోస్ మెమరీలో నడుస్తోంది. అసలు విండోస్ డిస్కులో నిద్రపోతోంది. లేచినప్పుడు యంత్రాన్ని కూలదోసిన 291, ఇప్పుడు చదివేవాడు లేక ఒట్టి ఫైలుగా పడి ఉంది. రెండు నిమిషాల్లో చెరిగిపోయింది. పెన్‌డ్రైవ్ లాగి రీస్టార్ట్ చేశారు. లాగిన్ పేజీ వచ్చింది.

"గింతేనా? గీ చిన్న పుల్లతోనేనా మూడు దినాలు ఆగింది?"

"పుల్ల చిన్నదే మేడమ్. ముందే చేసి పెట్టుకోలేదు, అంతే."

జులై 25 నాటికి 97 శాతం యంత్రాలు తిరిగి లేచాయని క్రౌడ్‌స్ట్రైక్ ప్రకటించింది. వాటిలో ఎన్నింటి దగ్గరికో ఒక మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

మీ ఇంటి కంప్యూటర్‌లో ఫాల్కన్ ఉండకపోవచ్చు. కానీ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, వైరస్ చేరినా ఆ మెట్టు విరగవచ్చు. కాబట్టి యంత్రం బాగున్న రోజునే రెండు పనులు చేయండి. 16 జీబీకి తగ్గని ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న 'క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్' తెరిచి దాన్ని సిద్ధం చేసుకోండి. అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుందని మరవకండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్‌లో మాత్రం దాచకండి.