రాతిలోని కవిత

కవిత్వము తాళపత్రములందే యుండునని తలచుట పరిపాటి. దానపు లెక్కలందును గలదు. తూర్పు చాళుక్య ప్రభువగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు క్రీ.శ. 848 ప్రాంతమున వేయించిన అద్దంకి శాసనము ఆదిత్యభటారునకిచ్చిన భూదానమును దెలుపు పత్రము. అయినను, పండ్రెండు బోయకొట్టములను గెలిచిన వృత్తాంతమును జెప్పు తరువోజ పద్య మందు గలదు. దాని యొక్కొక్క పాదము రెండు ద్విపద పాదములకు సమానము. రాజరాజనరేంద్రుని కాలమున (1022–1061) నన్నయ భారతమునకు బూనుకొనుటకు సుమారిన్నూరేండ్లకు ముందే తెలుగు పద్యము పరిణతి నొందెనని సాక్ష్యము పలికినది గ్రంథము కాదు, ఈ శిలయే.

పల్లెలలో శాసనశిలలు బట్టలుతుకు బండలుగను, పశువులను గట్టు రాళ్లుగను మారుట కలదు. అక్షర మరిగిన రాయి దానపు హద్దును జెప్పజాలదు, పద్యమును జెప్పజాలదు. కావున గ్రంథాలయపు బీరువాలో పుస్తకముల సరసనే ఊరి రాతివ్రాతల నకళ్లును నిలువవలెను.